‘కార్డ్ ఎర్రర్’ అని వచ్చిందా? ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

మీ ఇంట్లో బీరువా పైఅరలో పాత డిజిటల్ కెమెరా ఒకటి ఉందా? కెనాన్ పవర్‌షాటో, నికాన్ కూల్‌పిక్సో, సోనీ సైబర్‌షాటో, కొడాక్ ఈజీషేరో. ఎవరి పెళ్లికో, పాప పుట్టినప్పుడో ముచ్చటపడి కొన్నది. ఫోన్లలో మంచి కెమెరాలు వచ్చాక దాన్ని పక్కన పడేశారు. ఇన్నేళ్లకు ఏదో గుర్తొచ్చి బయటికి తీశారు. కొత్త సెల్లులు వేశారు. లెన్సు ముందుకొచ్చింది. ‘హమ్మయ్య, పని చేస్తోంది’ అనుకునేలోపే తెర మీద ‘మెమరీ కార్డ్ ఎర్రర్’!

ఇప్పుడు మీరేం చేస్తారు? చాలామంది కనబడ్డ బటనల్లా నొక్కుతారు. తెర ఏదైనా అడిగితే ‘ఓకే’ కొట్టేస్తారు. ఈ అధ్యాయం ఆ అలవాటు మాన్పించడానికే రాస్తున్నాను.

హైదరాబాద్‌లో అత్తాపూర్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ పాత కార్డుల్లో మరీ విలువైనవి ఉంటాయి. శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేను 2009 అక్టోబరు 19న తెరిచారు. ఇప్పుడు మనం ఆటో అతనికి ఇల్లెక్కడో పిల్లర్ నంబరుతో చెబుతున్నాం. ఆ పిల్లర్లు లేవకముందు రోడ్డెలా ఉండేదో, మన గల్లీ ఎంత ఖాళీగా ఉండేదో మీ పిల్లలకు చూపించాలంటే ఎక్కడ వెతుకుతారు? సరిగ్గా ఆ రోజుల్లోనే చిన్న డిజిటల్ కెమెరాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. రీళ్లు పోయాయి కాబట్టి నెగెటివులు లేవు. ప్రింట్లు వేయించడం తగ్గిపోయింది. ఫోన్లోంచి ఫొటోలు తమంతట తామే ఇంటర్నెట్‌లో దాక్కునే ఏర్పాటు అప్పటికి రాలేదు. అందుకని ఆ కాలపు ఫొటోలు చాలా ఇళ్లలో ఆ చిన్న కార్డులోనే మిగిలిపోయాయి.

కాబట్టి మొదటి సూత్రం గుర్తుపెట్టుకోండి. ముందు ఫొటోలు, ఆ తర్వాత కార్డు, చివర కెమెరా. కెమెరా పాడైతే ఇంకోటి దొరుకుతుంది. కార్డు పోతే కొనుక్కోవచ్చు. ఫొటోలు మాత్రం ఎక్కడా కొనలేరు. ఈ వరస తప్పనంతవరకు మీరు చేసే చాలా పొరపాట్లను సరిదిద్దుకోవచ్చు.

ఒక చిన్న సన్నివేశం

హైదర్‌గూడలో ఒక ఇల్లు అనుకుందాం. తాతయ్య కెమెరా పట్టుకుని కూర్చున్నారు. ఇంటర్ చదివే మనవడు వచ్చాడు.

“ఏమైంది తాతా?”

“చిప్పు పాడైందిరా. కార్డ్ ఎర్రర్ అంటున్నది.”

“గంతేనా! ఫార్మాట్ కొడితే సెట్ అయితది, ఇటియ్యి.”

రెండు బటన్లు నొక్కాడు. ఎర్రర్ పోయింది. ‘చూసినవా, అయిపోయింది’ అంటూ బాల్కనీలోంచి ఓ యాభై ఫొటోలు తీసి చూపించాడు. తాతయ్య నెమ్మదిగా అడిగారు, “మరి మీ నాన్న పెళ్లి ఫొటోలు?”

ఇక్కడ నష్టం ఎక్కడ జరిగింది? ఫార్మాట్ కొట్టినప్పుడు కాదు. మామూలుగా కెమెరా చేసే ఫార్మాట్ ఫొటోల జాబితాను మాత్రమే చెరిపేస్తుంది. ఫొటోల సమాచారం చాలావరకు కార్డులో అలాగే ఉంటుంది, తర్వాత వెలికి తీయొచ్చు. అసలు దెబ్బ కొట్టింది ఆ యాభై కొత్త ఫొటోలు. అవి పాత వాటి చోటులోకి వచ్చి కూర్చున్నాయి. ఒకసారి ఆ చోట కొత్తది రాసేశాక పాతది ఏ సాఫ్ట్‌వేరుకూ దొరకదు. మనవడి తొందర తప్పే అయినా, తాతయ్య అప్పటికప్పుడు కార్డు బయటికి తీసి ఉంటే దాదాపు అన్నీ దక్కేవి.

మొదటి పది నిమిషాల్లో చేయాల్సినవి

1. కెమెరా ఆపండి. ముందు కార్డు వాడకాన్ని చూపే చిన్న లైటు మెరవడం ఆగిందో లేదో చూడండి. అది మెరుస్తోందంటే కార్డు మీద ఏదో రాస్తోందని లెక్క. ఆ సమయంలో కార్డు లాగినా, సెల్లులు తీసినా మీరే ఎర్రర్ తెచ్చిపెట్టుకున్నట్టు.

2. సెల్లులు మార్చండి. ఇది చాలామందికి తట్టదు. పెన్సిల్ సెల్లులతో నడిచే పాత పవర్‌షాట్‌లు, కూల్‌పిక్స్‌లు సెల్లు నీరసించగానే కార్డును సరిగ్గా చదవలేవు, రాయలేవు. గోడ గడియారంలోంచి పీకిన సెల్లులు పెట్టి కెమెరాను తిట్టకండి. కొత్త ఆల్కలైన్ సెల్లులో, పూర్తిగా చార్జి చేసిన రీచార్జబుల్ సెల్లులో వేసి చూడండి.

3. కార్డు ఒకసారి తీసి మళ్లీ పెట్టండి. టిక్కున కూర్చోవాలి. కూర్చోకపోతే బలంగా నొక్కకండి. ముఖ్యంగా కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు వాడే కెమెరాల్లో లోపల సన్నటి సూదుల్లాంటి పిన్నులు 50 ఉంటాయి. ఒక్కటి వంగినా కార్డును కాదు, కెమెరానే రిపేరుకు తీసుకెళ్లాలి.

4. ఎస్‌డీ కార్డు పక్కనున్న చిన్న మీట చూడండి. అది కిందికి, ‘లాక్’ వైపు జరిగి ఉంటే కెమెరా కొత్త ఫొటో తీయనివ్వదు. పైకి జరిపితే సమస్య తీరిపోవచ్చు. కార్డు వెయ్యి రూపాయలదైనా, లక్ష ఫొటోలదైనా ఈ మీట దగ్గరే ఆగిపోతుంది.

5. ఇంకా ఎర్రర్ వస్తుంటే కార్డు తీసేయండి. ‘ఫార్మాట్ చేయాలా’ అని కెమెరా అడిగితే ‘వద్దు’ అనండి. ఇక ఫొటోలు దక్కేదాకా ఆ కార్డు కెమెరాలోకి వెళ్లకూడదు.

కొత్త సెల్లులు తప్పిస్తే ఈ ఐదింటికీ డబ్బు ఖర్చు లేదు. కానీ మిగతావన్నీ వీటి మీదే ఆధారపడి ఉన్నాయి.

తెర ఏం చెబుతోందో వినండి

ఎర్రర్లన్నీ ఒకటి కావు. ‘కార్డు ఖరాబైంది’ అని ఒక్క మాటలో తేల్చేయకుండా, తెర మీద వచ్చిన మాటలు యథాతథంగా ఒక కాగితం మీద రాసుకోండి. ఫోన్‌తో తెరను ఫొటో తీసుకుంటే ఇంకా మంచిది. ఇప్పుడు ఈ జాబితాతో పోల్చుకోండి.

1. ‘నో కార్డ్’. కెమెరాకు కార్డు కనబడలేదు. కార్డు సరిగ్గా కూర్చోలేదు, లేదా బంగారు రంగు పట్టీలకు మురికి పట్టింది, లేదా ఆ కెమెరాకు ఆ రకం కార్డు తెలియదు. ఇక్కడో మెలిక ఉంది. కొన్ని కొడాక్, నికాన్ కెమెరాలకు లోపలే కొద్దిపాటి మెమరీ ఉంటుంది. కార్డు కనబడకపోతే అవి ఫొటోలను దాంట్లో పెట్టేస్తాయి. ‘కార్డులో ఫొటోలు లేవు’ అని బెంగపడేముందు, కార్డు తీసేసి కెమెరాను ఆన్ చేసి చూడండి. పోయాయనుకున్న ఫొటోలు అక్కడ కనబడొచ్చు.

2. ‘కార్డ్ లాక్డ్’, ‘రైట్ ప్రొటెక్ట్’. మీట సంగతి. మీట పైకే ఉన్నా ఇదే వస్తుంటే, అది అరిగి జారుతోందేమో చూడండి. మీట ఊడిపోయిన కార్డును కూడా కెమెరా లాక్ అయినట్టే అనుకుంటుంది. ఫొటోలు చూడ్డానికీ, కాపీ చేసుకోవడానికీ ఏ అడ్డూ లేదు. కాపీ చేసుకుని కార్డు మార్చేయండి.

3. ‘కార్డ్ నాట్ ఫార్మాటెడ్’. కార్డు ఉంది, కానీ లోపలి జాబితా కెమెరాకు అర్థం కావడం లేదు. జాబితా చెదిరిపోయి ఉండొచ్చు. లేదా ఆ కార్డును ఎవరో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో వేరే పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండొచ్చు.

4. ‘మెమరీ కార్డ్ ఎర్రర్’, ‘దిస్ కార్డ్ కెనాట్ బి యూజ్డ్’, పాత కెనాన్ ఈఓఎస్ కెమెరాల్లో ‘ఎర్రర్ 02’. ఇవి అన్నిటికంటే అస్పష్టమైనవి. కార్డు, స్లాటు, పొంతన కుదరకపోవడం, ఏదైనా కారణం కావొచ్చు. కింద చెప్పబోయే మార్పిడి పరీక్ష వీటికోసమే.

5. ‘కార్డ్ ఫుల్’. అన్నీ డిలీట్ చేశాక కూడా ఇదే అంటోందా? మ్యాక్ కంప్యూటర్‌లో డిలీట్ చేసినవి చెత్తబుట్ట ఖాళీ చేసేదాకా కార్డులోనే దాగి ఉంటాయి. పాట ఫైళ్లు, ఫోన్‌లోంచి వేసిన వీడియోలు కూడా చోటు తింటూ ఉండొచ్చు. అవి కెమెరా తెర మీద కనబడవు.

6. ‘నేమింగ్ ఎర్రర్’, ‘కెనాట్ క్రియేట్ ఫోల్డర్’. కెమెరాలు ఫోల్డర్లకు 100 నుంచి 999 దాకా, ఫొటోలకు 0001 నుంచి 9999 దాకా నంబర్లిస్తాయి. నంబర్లు చివరికొచ్చేస్తే కార్డులో ఎంత చోటున్నా కెమెరా ముందుకు కదలదు. ఫొటోలు కాపీ చేసుకుని, కార్డు ఫార్మాట్ చేసి, మెనూలో ఫైల్ నంబరింగ్‌ను మొదటికి తెచ్చుకుంటే చాలు.

7. ఒకటి రెండు ఫొటోలు మాత్రమే తెరుచుకోకపోవడం. వాటిని కంప్యూటర్‌లో తిప్పడమో, పేరు మార్చడమో చేసి మళ్లీ కార్డులో పెట్టారా? పాత కెమెరాలు తాము తీసిన రూపంలో ఉన్న ఫొటోలనే చూపిస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో దాంట్లో వేసి ‘కనబడటం లేదు’ అంటే తప్పు కెమెరాది కాదు.

అసలు దొంగ: పెద్ద కార్డు

పాత కెమెరాలో కొత్తగా కొన్న కార్డు పని చేయకపోతే, కార్డు నకిలీదనో కెమెరా పోయిందనో అనుకోకండి. చాలాసార్లు రెండూ బాగానే ఉంటాయి. ఒకదాని భాష ఒకదానికి తెలియదు, అంతే.

ఈ సంభాషణ చూడండి. డిగ్రీ చదివే అమ్మాయి, వాళ్ల అక్క వాడిన 2005 నాటి కెమెరా పట్టుకుని దుకాణానికి వెళ్లింది.

“అన్నా, దీనికి 2 జీబీ కార్డు ఉందా?”

“గవి ఎప్పుడో బంద్ అయినయ్ చెల్లె. 64 తీస్కో, అన్నిట్ల నడుస్తది.”

అన్నిట్లో నడవదు. కారణం ఇదీ.

1. మామూలు ఎస్‌డీ కార్డులు 2 జీబీ దాకా వచ్చాయి.

2. 2006లో ఎస్‌డీహెచ్‌సీ అనే రకం వచ్చింది. అవి 4 నుంచి 32 జీబీ దాకా.

3. 2009లో ఎస్‌డీఎక్స్‌సీ వచ్చింది. 64 జీబీ, ఆపై 2 టీబీ దాకా ఉండేవి ఈ రకమే.

మూడూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకే స్లాటులో దూరతాయి. కొత్త కెమెరా పాత కార్డును చదువుతుంది గానీ పాత కెమెరా కొత్త కార్డును చదవలేదు. 2005 నాటి కెమెరాలో 64 జీబీ కార్డు పెడితే ‘కార్డ్ ఎర్రర్’ అనడం తప్ప అది చేయగలిగింది ఏమీ లేదు.

మరి ఏం కొనాలి? కెమెరా కార్డు మూత దగ్గరో, మాన్యువల్‌లోనో ముద్ర చూడండి. ‘ఎస్‌డీ’ అని మాత్రమే ఉంటే 2 జీబీ దాటకండి. ‘ఎస్‌డీహెచ్‌సీ’ ముద్ర ఉంటే 32 దాకా వెళ్లొచ్చు, 8 లేదా 16 జీబీ తీసుకుంటే ఇంకా నిశ్చింత. ‘2 జీబీ ఏం సరిపోతుంది’ అనుకుంటున్నారా? ఐదు మెగాపిక్సెళ్ల ఫొటో సుమారు 2 ఎంబీ ఉంటుందనుకుంటే వెయ్యికి దగ్గరగా పడతాయి. ఒక పెళ్లికి చాలవూ?

ఫోన్లలో వాడే మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వాడుతున్నారా? ఎర్రర్ వస్తే ముందు అడాప్టర్‌నే అనుమానించండి. కార్డుకు, కెమెరాకు మధ్య అదనంగా ఇంకో అతుకు పడుతోంది. అది వదులైతే మిగతావి ఎంత మంచివైనా లాభం లేదు.

ఒలింపస్, ఫుజీఫిల్మ్ పాత కెమెరాలకు ఎక్స్‌డీ పిక్చర్ కార్డు, సోనీ వాటికి మెమరీ స్టిక్ కావాలి. ఎక్స్‌డీ కార్డులు 2002లో వచ్చాయి, 2 జీబీ మించి పెద్దవి రాలేదు, ఇప్పుడు కొత్తగా తయారవడం లేదు. సోనీ 2010 నుంచి తన కెమెరాల్లో ఎస్‌డీని కూడా పెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు కొన్న సైబర్‌షాట్‌కు మెమరీ స్టిక్కే దిక్కు. ఇలాంటి కార్డు మీ దగ్గర పనిచేస్తున్నది ఉంటే జాగ్రత్త చేసుకోండి.

మార్పిడి పరీక్ష

తప్పు కార్డుదా, కెమెరాదా? వాదించుకోనక్కర్లేదు. అదే రకం ఇంకో కార్డు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. ఒక కార్డ్ రీడర్ కూడా కావాలి.

1. మీ కార్డు రీడర్‌లో తెరుచుకుంటోంది, ఆ రెండో కార్డు మీ కెమెరాలో పనిచేస్తోంది. అంటే మీ కార్డులో జాబితా చెదిరింది, లేదా పట్టీలు మురికయ్యాయి. ఫొటోలు కాపీ చేసుకుని, పట్టీలు తుడిచి ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

2. మీ కార్డు రీడర్‌లో తెరుచుకుంటోంది, కానీ ఏ కార్డూ కెమెరాలో పనిచేయడం లేదు. అంటే స్లాటుదే తప్పు. ఫొటోలు క్షేమం.

3. మీ కార్డు ఎక్కడా తెరుచుకోవడం లేదు, రెండో కార్డు కెమెరాలో బాగుంది. అంటే తప్పు కార్డుదే. కింద చెప్పినట్టు వెలికితీత ప్రయత్నించాలి.

4. రెండూ ఎక్కడా పనిచేయడం లేదు. ముందు రీడర్ మార్చి చూడండి. 2006కి ముందు కొన్న పాత రీడర్లు కూడా ఎస్‌డీహెచ్‌సీని చదవలేవు.

ఎక్స్‌డీ కార్డుకు రీడర్ దొరకడం కష్టం. అలాంటప్పుడు మాత్రం కార్డును మళ్లీ కెమెరాలో పెట్టి, దాంతో వచ్చిన కేబుల్‌నే కంప్యూటర్‌కు తగిలించి ఫొటోలు దించుకోండి. అందుకే పాత కేబుళ్లను చెత్తలో వేయకూడదు.

ఫొటోలు వెలికి తీయడం

కార్డును కంప్యూటర్‌లో పెట్టేముందు మీటను ‘లాక్’ వైపుకు జరపండి. ఇందాక సమస్య అనుకున్న మీటే ఇప్పుడు మీకు కాపలా కాస్తుంది. చాలా రీడర్లు లాక్ చేసిన కార్డు మీద ఏదీ రాయనివ్వవు. ఇక వరసగా ఇలా వెళ్లండి.

1. కార్డు తెరుచుకుంటే ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్ కనబడుతుంది. ఫొటోలు అందులోనే ఉంటాయి. మొత్తం ఫోల్డర్‌ను కాపీ చేయండి. ‘కట్’ కొట్టకండి. సగంలో ఆగిపోతే అటూ ఇటూ కాకుండా పోతాయి.

2. కాపీ అయ్యాక నాలుగైదు ఫొటోలు పెద్దవి చేసి చూడండి. చిన్న బొమ్మ కనబడి, తెరిస్తే సగం బూడిద రంగుగా ఉండేవి కొన్నుంటాయి. అవి పూర్తిగా రానట్టే.

3. ‘ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగితే ‘క్యాన్సిల్’ కొట్టండి. ‘ఎర్రర్లు సరిచేయనా’ అని అడిగినా వద్దనండి. ఆ సరిచేత కార్డు మీద రాస్తుంది. ఫొటోలు దక్కాక అయితే అభ్యంతరం లేదు.

4. ఇప్పుడు వెలికితీత సాఫ్ట్‌వేర్ నడపండి. ఫొటోరెక్ అనేది ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. చూడ్డానికి నల్ల తెర మీద తెల్ల అక్షరాలు, అంతమాత్రాన భయపడకండి. అది చెదిరిన జాబితాను పట్టించుకోదు. కార్డంతా జల్లెడ పట్టి ఫొటోలను గుర్తుపడుతుంది.

5. దొరికిన ఫొటోలను కంప్యూటర్‌లోనే దాచమని చెప్పండి. అదే కార్డు మీద దాస్తే, ఇంకా వెలికి రాని ఫొటోలను మీ చేత్తో మీరే చెరిపేసినట్టు.

6. ఫైళ్లకు పాత పేర్లుండవు, వింత నంబర్లుంటాయి. కంగారుపడకండి. తీసిన తేదీ ఫొటో లోపలే రాసి ఉంటుంది. దాన్నిబట్టి మళ్లీ సర్దుకోవచ్చు.

కార్డు ఏ రీడర్‌లోనూ కనబడకపోయినా, సైజు సున్నా అని చూపిస్తున్నా సాఫ్ట్‌వేర్ చేసేదేమీ లేదు. లోపలి చిప్పు నుంచి నేరుగా చదివే డేటా రికవరీ నిపుణుల దగ్గరికి వెళ్లాల్సిందే. అందుకు ఖర్చవుతుంది. వెళ్లేముందు ఒక ప్రశ్న వేసుకోండి. ఆ ఫొటోలు ఇంకెక్కడైనా ఉన్నాయా? అప్పట్లో అమెరికాలోని తమ్ముడికి మెయిల్‌లో పంపలేదా? చిన్నమ్మ వాళ్లింట్లో సీడీ ఒకటి ఉండాలి కదా? చాలాసార్లు రికవరీ కంటే నాలుగు ఫోన్లు చేయడం చవక.

శుభ్రం చేయడం, ఫార్మాట్ చేయడం

ఫొటోలు దక్కాయా? ఇప్పుడు కార్డు మీద ప్రయోగాలు చేసుకోవచ్చు.

1. బంగారు రంగు పట్టీలను మెత్తటి పొడి గుడ్డతో తుడవండి. మురికి వదలకపోతే పెన్సిల్ రబ్బరుతో తేలిగ్గా ఒకటి రెండుసార్లు రుద్ది, రబ్బరు పొడి పూర్తిగా దులిపేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంటే దూది పుల్లకు కొంచెం అద్ది తుడిచి, ఆరనివ్వండి.

2. కెమెరా స్లాటులోకి నోటితో ఊదకండి. ఊపిరిలోని తడి లోపలికి వెళ్తుంది. లెన్సులు శుభ్రం చేసే రబ్బరు బ్లోయర్ వాడండి. లోపలికి గుండుసూది, అగ్గిపుల్ల పెట్టకండి.

3. ఫార్మాట్ ఎప్పుడూ ఆ కెమెరాలోనే చేయండి. మెనూలో రెంచ్ గుర్తు కింద ఉంటుంది. కెనాన్‌లో ‘లో లెవల్ ఫార్మాట్’ అని టిక్కు పెట్టుకునే వీలుంటే అది ఎంచుకోండి, కొంచెం ఎక్కువ సేపు పడుతుంది. కెమెరా ఫార్మాట్ చేయనంటే ఎస్‌డీ అసోసియేషన్ వారి ఉచిత ఎస్‌డీ మెమరీ కార్డ్ ఫార్మాటర్‌ను కంప్యూటర్‌లో వాడి, ఆ తర్వాత మళ్లీ కెమెరాలో ఫార్మాట్ చేయండి.

4. ఓ ఇరవై ముప్పై ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో అన్నీ తెరిచి చూడండి. మళ్లీ ఎర్రర్ వచ్చిందా? ఇక ఆ కార్డును నమ్మకండి.

అందరూ చేసే తప్పులు

1. ‘చూద్దాం’ అని కార్డును ఫోన్‌లో పెట్టడం. ఫోన్ కొత్త ఫోల్డర్లు పెడుతుంది. ‘ఇంటర్నల్ స్టోరేజ్‌గా వాడనా’ అని అడిగినప్పుడు సరేనంటే కార్డంతా ఫార్మాట్ అయిపోతుంది.

2. తక్కువ ధరకు పెద్ద కార్డు కొనడం. లోపల 4 జీబీ ఉండి, పైన 64 అని చూపించే నకిలీలు ఉన్నాయి. మొదటి 4 జీబీ దాకా బాగానే నడుస్తాయి. ఆ తర్వాత తీసిన ఫొటోలు ఎక్కడికి వెళ్తాయో దేవుడికే తెలియాలి. కొత్త కార్డు కొనగానే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నిండా రాయించి చదివించండి. అసలు సంగతి బయటపడుతుంది. ఫొటోలున్న కార్డు మీద మాత్రం దాన్ని నడపకండి.

3. తడిసిన కార్డును వెంటనే పరీక్షించడం. 2020 అక్టోబరులో మూసీ పొంగినప్పుడు నీళ్లు చొరబడ్డ ఇళ్లలో ఇలాంటి కెమెరాలూ తడిసి ఉంటాయి. కార్డు తడిస్తే కరెంటు తగలనివ్వకండి. బురద అంటితే శుభ్రమైన నీళ్లతో కడిగి, రెండు రోజులు నీడన ఆరబెట్టండి. హెయిర్ డ్రయర్ వద్దు. బియ్యంలో పెట్టడమూ వద్దు, నూక పొడి సందుల్లో చేరుతుంది. పక్కన సిలికా జెల్ పొట్లాలు పెడితే మేలు.

4. అమ్మేసేముందు ఫార్మాట్ కొట్టి ఊరుకోవడం. మీకు ఫొటోలు వెలికి తీయడం వచ్చినట్టే, కొన్నవాళ్లకూ వస్తుంది. కార్డును పూర్తిగా నింపి చెరపండి, లేదా కార్డు ఇవ్వకుండా కెమెరా ఒక్కటే అమ్మండి.

5. శంషాబాద్ విమానాశ్రయంలో స్కానర్ చూసి భయపడటం. ఎక్స్‌రే వల్ల ఫిల్మ్ రీలుకు ముప్పు ఉంది గానీ మెమరీ కార్డుకు లేదు. కార్డును నిశ్చింతగా ట్రేలో పెట్టండి. విడి లిథియం బ్యాటరీలను మాత్రం చెక్ఇన్ సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

దుకాణానికి వెళ్తే ఏం అడగాలి?

కెమెరాల కోసం కోఠిలో గుజరాతీ గల్లీ, బ్యాంక్ స్ట్రీట్ వైపు, రీడర్లూ కేబుళ్ల కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వైపు మనవాళ్లు వెళ్తుంటారు. ఎక్కడికి వెళ్లినా కెమెరా వెంట తీసుకెళ్లండి. మూడు మాటలు గుర్తుంచుకోండి.

1. “ఈ కెమెరాలో పెట్టి చూపించండి.” ఒక ఫొటో తీసి, ఆపి, మళ్లీ ఆన్ చేసి ఆ ఫొటో కనబడితేనే డబ్బివ్వండి.

2. “ఫార్మాట్ చేయకండి.” పాత కార్డు చేతికిచ్చేముందు ఈ మాట గట్టిగా చెప్పండి. రిపేరు అంటే కొందరికి ఫార్మాటే.

3. “స్లాటు మారిస్తే ఎంత?” ఆ ధరకే అలాంటి పాత కెమెరా ఇంకోటి వచ్చేట్టయితే రిపేరు చేయించి లాభం లేదు.

ఇక మీద ఎర్రర్ రాకుండా

1. ఒకే పెద్ద కార్డు బదులు రెండు చిన్నవి వాడండి. శంషాబాద్ దగ్గర అమ్మపల్లి సీతారామచంద్రస్వామి గుడికి పెళ్లి ఫొటోలు తీసుకోవడానికి వెళ్లారనుకోండి. కోనేరు దగ్గర ఒక కార్డు, గోపురం దగ్గర ఇంకో కార్డు. ఒకటి మొండికేసినా రోజంతా వృథా కాదు.

2. ఒక కార్డును ఒకే కెమెరాకు కేటాయించండి. కెమెరా మార్చితే ఫొటోలు దించుకుని ఫార్మాట్ చేసుకోండి.

3. కార్డు చివరంటా నింపకండి. సెల్లు గుర్తు సగానికి వచ్చిందంటే వీడియో తీయకండి.

4. కెమెరాను పక్కన పెట్టేటప్పుడు సెల్లులు తీసేయండి. అవి కారి లోపలంతా తినేస్తాయి. వానాకాలంలో సిలికా జెల్ పొట్లం వేసి మూత గట్టి డబ్బాలో పెట్టండి.

5. కార్డును దాచుకునే చోటుగా చూడకండి. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడి ఉంటే అందులోని సమాచారం మెల్లగా చెదిరిపోవచ్చు. ఫొటోగ్రాఫర్లు పాటించే పద్ధతి ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, ఇంకో ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరో ఇంటర్నెట్‌లోనో ఒకటి. ఇంతే.

ఇదంతా చదివాక ‘నాకు కంప్యూటర్లు పడవు’ అని పుస్తకం మూసేయకండి. పైన చెప్పిన పనుల్లో కష్టమైనది ఒక్కటే, ఫొటోరెక్ నడపడం. దానికి పక్కింటి కుర్రాడి సాయం తీసుకోండి. ‘ఫార్మాట్ కొట్టకు నాయనా’ అని మాత్రం మీరే చెప్పాలి. ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. బీరువాలో ఉన్న పాత కార్డులన్నీ టేబుల్ మీద పరచండి, ఒక్కొక్కటే లాక్ చేసి కాపీ చేయండి. కార్డు బాగున్నప్పుడు కాపీ చేసుకోవడానికి పది నిమిషాలు చాలు. పాడయ్యాక వెలికి తీయాలంటే పది రోజులు పట్టినా వస్తాయన్న హామీ లేదు.